పొడుం తుమ్ము

మొన్న ఆదివారం, మా స్కూల్లో లెక్కలు చెప్పే అమ్మాయి బిడ్డతో ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిందని తెలిసి, చూసి వద్దామని అంబాజీపేట వెళ్ళాను. వీధి గుమ్మంలో చెప్పులు విడుస్తూండగానే లోపలి నుంచి కాయం వాసన గుప్పున తగిలింది. శొంఠి, పిప్పళ్ళు, వాము, పాతబెల్లం, నువ్వులనూనె కలిపి బాలింత కోసం ఉడికిస్తున్న ఆ ఘాటు నేరుగా ముక్కులోకి దూరింది. గడప మీద కాలు పెట్టబోతూ పెద్దగా తుమ్మాను. లోపల మంచం మీద కూర్చున్న పెద్దావిడ, ఆ అమ్మాయి నాయనమ్మ కాబోలు, ముఖం చిట్లించింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లోకి ఒంటి తుమ్ముతో అడుగు పెట్టడమంటే మాటలా! "కాస్త ఆగి, మంచినీళ్ళు తాగి రండమ్మా" అంది. నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి ఒక మాట జారిపోయింది. "పొడుం తుమ్మండీ, లెక్కలోకి రాదు." ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. సైన్సు టీచరమ్మ ముక్కుపొడుం పీలుస్తుందని ఈపాటికి అంబాజీపేట అంతా తెలిసిపోయి ఉంటుంది.

ఆ మాట నాది కాదు, మా మామగారిది. ఊళ్ళో అందరూ ఆయన్ని సిద్ధాంతి గారనే పిలిచేవారు. పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, బోరు తవ్వకానికీ, చివరికి చెరువులో రొయ్యపిల్ల వదలడానికీ పంచాంగం చూసి ముహూర్తం పెట్టేవారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ముక్కు మాత్రం ఆ మనిషికి కాస్త ఎక్కువే. అంత ముక్కు ఊరికే కూర్చోలేక పొడుం అలవాటు చేసుకుందని మా అత్తగారి అభిప్రాయం. ఆయన బొడ్లో ఎప్పుడూ చిన్న వెండి డబ్బీ ఉండేది. దాన్ని తీసి, చిటికెడు పట్టు పట్టి, కళ్ళు మూసుకుని, ఇంటికప్పు అదిరేలా తుమ్మాక గానీ పంచాంగం తెరిచేవారు కాదు. శుభం కోసం సిద్ధాంతి గారింటికి వచ్చిన మనిషికి మొట్టమొదట ఎదురయ్యేది తుమ్మే. కొత్తవాళ్ళ ముఖాలు వాడిపోయేవి. "ఖంగారు పడకండి. పొడుం తుమ్ముకి శకునం లేదండి. అది కంపెనీవాడు పంపిన తుమ్ము, పైవాడు పంపింది కాదు" అనేవారు. ఏ గ్రంథంలో ఉందని ఎవరైనా అడిగితే, "గ్రంథం రాసినాయనకి పొడుం అలవాటు లేదండి, అందుకని రాయలేదు" అని తేల్చేసేవారు.

అన్నిటికీ ముహూర్తం పెట్టే ఆ మనిషి ఒక్కదానికి మాత్రం పెట్టనని మొండికేసేవారు. అది కాన్పు ఆపరేషను. మా వైపు ఇప్పుడది మామూలైపోయింది. నెలలు నిండుతున్నాయనగానే పెద్దవాళ్ళు మంచి నక్షత్రం, మంచి లగ్నం రాయించుకుని తీసుకెళ్ళి డాక్టరు ముందు పెడతారు. బిడ్డ ఆ వేళకి బయటికి రావాలి, అంతే. ఒకసారి రావులపాలెం నుంచి ఒకావిడ కారు వేసుకుని మరీ వచ్చింది. తాంబూలం పళ్ళెం ఆయన ముందు పెట్టి, కోడలి ఆపరేషనుకి ముహూర్తం చూడమంది.

"డాక్టరు గారు ఆపరేషను పడుతుందన్నారాండీ?" అని అడిగారు మామగారు.

"లేదండీ, అంతా బాగానే ఉందన్నారు. మేమే చేయించేసుకుందాం అనుకున్నాం. కలెక్టరయ్యే లగ్నం ఏదైనా ఉంటే చూడండి."

"మీది రావులపాలెం కదండీ. అరటి గెల ఎప్పుడు కోస్తారు?"

"పక్వానికొచ్చేకండి."

"వచ్చిందని నేను చెప్పాలాండీ?"

"మీరెందుకండీ? గెల చూస్తే తెలిసిపోద్ది కదండీ."

"ఆయ్. మరి గెలకున్నపాటి మర్యాద మీ మనవడికి లేదాండీ?"

ఆవిడ పళ్ళెం తీసుకుని చక్కా వెళ్ళిపోయింది. మా పక్క ఊళ్ళోనే ఇంకో సిద్ధాంతి ఉండేవాడు. ఆయన ఇలాంటి ప్రశ్నలేవీ అడగడు. నెలలు చెప్తే చాలు, ఫోనులోనే ముహూర్తం పంపించేస్తాడు, పైన వినాయకుడి బొమ్మతో సహా. మామగారు తిప్పి పంపిన వాళ్ళందరూ ఆయన గుమ్మమే ఎక్కేవారు. "ఇంటికొచ్చిన లక్ష్మిని అరటిగెలతో కొట్టి తరిమేస్తారు ఈయన" అని అత్తగారు వంటింట్లోంచి గొణిగేవారు.

నేను ముమ్మిడివరం నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ మా అమ్మ మోకాలి చిప్పలు మార్పించుకుని మంచం మీద ఉండటంతో అత్తవారింట్లోనే ఉండిపోయాను. సైన్సు టీచర్నన్న గర్వం ఒకటి, ఫోన్లో వీడియోలు ఇంకొకటి కలిసి అప్పటికే నా బుర్ర నిండా ఉన్నాయి. సహజ కాన్పు గురించి ఏ దేశపు వీడియో వచ్చినా వదిలేదాన్ని కాదు. సూది వద్దు, మందు వద్దు, కోత అసలే వద్దు, ఊపిరి పీల్చి వదలడంతోనే బిడ్డను కనేస్తానని తీర్మానించుకున్నాను. స్టాఫ్ రూములో ఆపరేషన్లు అయినవాళ్ళు మాట్లాడుతుంటే, పాపం వీళ్ళకెవరూ చెప్పలేదు కదా అని జాలిపడేదాన్ని.

మామగారు నా పక్షమని గట్టిగా నమ్మాను. సాయంకాలం కాలవగట్టు మీద నన్ను నడిపించే పని ఆయనే పెట్టుకున్నారు. ముందు గొడుగుతో ఆయన, వెనక పొట్టతో నేను. ఎదురొచ్చిన ప్రతి సైకిలునీ ఆపి, "కోడలు నడుస్తోంది, పక్కకి దిగండి బాబూ" అనేవారు. సైకిలు కుర్రాళ్ళు కాలవలోకి దిగేంత పని అయ్యేది. నేను వీడియోల్లో విన్నదంతా చెప్తూ నడిచేదాన్ని. ఆయన ఆయ్, ఆయ్ అంటూ వినేవారు. ఆయన నోట "ఆపరేషను వద్దు" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదని, వచ్చిందల్లా "ముహూర్తం పెట్టను" అన్నదేనని నాకప్పుడు తట్టలేదు.

మా అత్తగారిది మాత్రం ఎదుటి పక్షం. ఆవిడ నా నెలలు పక్క ఊరి సిద్ధాంతికి రహస్యంగా చేరవేశారు. ఫోనులో వినాయకుడు వచ్చాడు. పుష్యమి నక్షత్రంలో బిడ్డను తీయించేయాలి, ఆగితే పోయి పోయి జ్యేష్ఠలోనో మూలలోనో పుడుతుంది, జ్యేష్ఠలో పుడితే ఇంటి పెద్దకి అరిష్టం. ఇదీ ఆయన పంపిన కబురు. ఇంటి పెద్ద అంటే మామగారే. పాపం ఆవిడ ఎవరి కోసం హడలిపోయారో ఆయనే నవ్వి, "నా జాతకం వాడికెందుకిచ్చేవే?" అన్నారు.

అయినా పుష్యమి నాడు ఆవిడ ఊరుకోలేదు. ఒట్టి చెకప్ అని చెప్పి నన్ను ఆటోలో అమలాపురం తీసుకెళ్ళారు. ఆవిడ ఒళ్ళో ఒక పెద్ద సంచీ. అందులో ఫ్లాస్కు, పాత చీరల గుడ్డలు, పసిబిడ్డ టోపీ, కాయం డబ్బా. డాక్టరమ్మ గారు నన్ను పరీక్ష చేసి, సంచీ వైపు చూసి, "ఏంటండీ, మా ఇంట్లో కాపురానికి దిగేరా?" అన్నారు.

అత్తగారు సిగ్గుపడుతూనే అసలు సంగతి చెప్పారు.

"బిడ్డ బాగుంది, తల్లి బాగుంది. నన్నేం చెయ్యమంటారండీ? ఇంటికి తీసుకెళ్ళి పప్పూ అన్నం పెట్టండి" అన్నారు డాక్టరమ్మ గారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడా మరీ సంబరపడిపోకమ్మా. నార్మలు కోసమే చూద్దాం. అవసరం పడిందంటే మాత్రం నీ వీడియోల మాట నేను వినను" అన్నారు. నేను రెండో ముక్క వినిపించుకోలేదు. తిరుగు ఆటోలో అత్తగారి సంచీ నా వైపూ, నేను సంచీ వైపూ చూసుకుంటూ ఇంటికొచ్చాం.

ఆ రాత్రి ఆవిడ నా కాళ్ళకి నూనె రాస్తూ, ఎన్నడూ చెప్పని మాట చెప్పారు. "నా తొలిచూలు ఈ ఇంట్లోనే పోయిందమ్మా. నొప్పులు పడీ పడీ కన్నాను, బిడ్డ ఏడవలేదు. వేళ మంచిది కాదన్నారందరూ." అంతవరకూ ఆవిడది చాదస్తం అనుకున్నాను. మర్నాడు కాలవగట్టు మీద మామగారిని అడిగాను. ఆయన డబ్బీ తెరిచి, పట్టు పట్టకుండానే మూసేశారు. "వేళదేం తప్పు లేదమ్మా. పడవ కట్టించుకుని అమలాపురం తీసుకెళ్ళాల్సింది. పెద్దలందరూ ఇంకాసేపు చూద్దాం అన్నారు, నేనూ కుర్రాణ్ణి, ఆయ్ అన్నాను" అన్నారు. ఆ సాయంత్రం ఏ సైకిలునీ ఆపలేదు.

చివరికి పుష్యమి పోయింది, జ్యేష్ఠ రానే వచ్చింది, దాంతోపాటే నొప్పులూ వచ్చాయి. పొద్దున్నే ఆస్పత్రిలో చేరాం. మా ఆయన రావులపాలెం బ్యాంకులో పని. బయల్దేరానని ఫోను చేశారు గానీ, అరటిగెలల లారీల వెనక ఇరుక్కుపోయారు. మామగారు వరండాలో కూర్చుని ఖంగారుకి పొడుం మీద పొడుం పట్టు పట్టారు. ఆయన తుమ్మిన ప్రతిసారీ వార్డులో పసిపిల్లలందరూ ఒకేసారి లేచి ఏడ్చేవారు. నర్సమ్మ గారు వచ్చి, "తాతగారూ, ఆ డబ్బీ ఇంకోసారి కనిపిస్తే డ్రైనులో పారేస్తాను" అంది. ఆయన గుట్టుగా నా మంచం దగ్గరికి వచ్చి, "దాచమ్మా, ఆవిడ కంట పడనివ్వకు" అని డబ్బీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. అది నా దిండు కింద చేరింది. నొప్పి వచ్చినప్పుడల్లా దాన్నే గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను.

ఊపిరి పీల్చి వదలడం వీడియోలో చాలా తేలికండీ. ఆ వీడియోల్లో అమ్మాయిలు తామరపువ్వుల్లా కూర్చుని నవ్వుతుంటారు. నేను మంచం పట్టె విరిచేసేలా అరిచాను. మధ్యాహ్నం దాటాక నన్ను కాన్పుల గదిలోకి మార్చారు. డాక్టరమ్మ గారు నాలుగైదుసార్లు వచ్చి చూశారు. చివరిసారి ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందమ్మా. ఇంక ఆగకూడదు. ఆపరేషను చేసి తీసేద్దాం" అన్నారు.

"ఇంకాసేపు ఆగండి, నేను కనేస్తాను" అన్నాను.

"ఇంకాసేపు ఆగండి, వర్జ్యం వెళ్ళిపోతుంది" అన్నారు అత్తగారు, చెవి దగ్గర ఫోనుతో. పక్క ఊరి సిద్ధాంతి లైన్లో ఉన్నాడు.

నెలల తరబడి చెరో పక్షాన పోట్లాడిన మేమిద్దరం ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. డాక్టరమ్మ గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. నాకు ఏడుపొచ్చింది. బిడ్డకేమవుతుందో అన్న భయం ఒక పక్క, ఓడిపోతున్నానన్న ఉక్రోషం ఒక పక్క. అప్పుడు తలుపు దగ్గర మామగారు కనిపించారు. కాన్పుల గది గుమ్మం తొక్కని మనిషి, ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"మామయ్యగారూ, మీరైనా చెప్పండి. ఆపరేషను వద్దని మీరే కదా అన్నారు" అన్నాను.

"నేనెప్పుడన్నానమ్మా? ముహూర్తం పెట్టనన్నాను. వచ్చే వేళ బిడ్డ చూసుకోవాలి, మనం చెప్పకూడదన్నాను. వాడు వేళ చూసుకున్నాడు, బయల్దేరేడు. దారి చాల్లేదు, డాక్టరు గారిని సాయం అడుగుతున్నాడు. అడ్డం పడకు తల్లీ." నేను తలూపాను. ఆయన డాక్టరమ్మ గారి వైపు తిరిగి, "ఎక్కడ పెట్టమంటారండీ సంతకం?" అన్నారు.

"ఏవండీ, జ్యేష్ఠండీ! వర్జ్యమండీ! ఇంటి పెద్దకీ..." అని అత్తగారు బావురుమన్నారు.

"ఇంటి పెద్దని నేనే కదే. నాకు అభ్యంతరం లేదని వాడితో చెప్పి ఆ ఫోను పెట్టెయ్" అన్నారాయన.

నన్ను స్ట్రెచరు మీదికి మార్చారు. చక్రాలు కదిలాయి. సరిగ్గా అప్పుడు మామగారు తుమ్మారు.

ఒక్కటే తుమ్ము. అత్తగారు స్ట్రెచరుకి అడ్డం నిలబడి, "రెండోది తుమ్మండీ, ఏవండీ, రెండోది!" అని బతిమాలారు. రెండో తుమ్ము వస్తే మొదటిదాని దోషం పోతుంది కదా. ఆయన ముక్కు నలిపారు, లైటు వైపు చూశారు, నోరు తెరిచారు. అందరం ఆ ముక్కు వైపే చూస్తున్నాం. స్ట్రెచరు తోసే మనిషి కూడా, తెలియకుండానే, తల పైకెత్తి నోరు తెరిచాడు. తుమ్ము రాలేదు.

అప్పుడు మామగారు కండువాతో ముక్కు తుడుచుకుని, గట్టిగా అన్నారు. "పొడుం తుమ్మే అది! లెక్కలోకి రాదు. పదండి, పదండి."

అత్తగారు హమ్మయ్య అని తప్పుకున్నారు. పొడుం డబ్బీ నా కుడి గుప్పిట్లో ఉంది. పొద్దుటినుంచీ నా దగ్గరే ఉంది. ఆయన ఒక్కసారి నా చేతి వైపు చూశారు. నేను గుప్పిట దుప్పటి కింద పెట్టి బిగించాను. శకునాల గురించి ఎన్నడూ ఎవరికీ అబద్ధం చెప్పని సిద్ధాంతి గారు, నా కోసం, నా బిడ్డ కోసం, తన మీదికి రాబోయే అరిష్టాన్ని కూడా పక్కకి తోసేసి, నిలబడి అబద్ధం చెప్పారు. అంత నొప్పిలోనూ నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. లోకమంతా వినేలా ఏడ్చింది. వాడు, వాడు అని నెలలపాటు అందరం పిలిచిన ఆ మనిషిని అత్తగారి చేతుల్లో పెడితే, ఆవిడ నక్షత్రం మాట మర్చిపోయి బిడ్డ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారట. మా ఆయన అప్పటికి వచ్చారు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ బిడ్డ ముఖం చూడక ముందే అడిగే ప్రశ్న ఒకటుంది. నార్మలా, ఆపరేషనా? స్టాఫ్ రూములో నేను చేసిన ప్రసంగాలు అందరికీ గుర్తున్నాయి. ఆపరేషను అనడానికి నాకు నోరు రాక తల దించుకునేదాన్ని. ఒక రోజు ఎదురింటావిడ వచ్చి గుమ్మంలోంచే, "నార్మలాండీ, ఆపరేషనాండీ?" అని అరిచింది. వీధి అరుగు మీద పంచాంగం చూస్తున్న మామగారు తల ఎత్తకుండానే జవాబు చెప్పారు.

"ఆడపిల్లండి."

"అది కాదండీ. కాన్పు, నార్మలా ఆపరేషనా అని?"

"మూడు కేజీల పైనే ఉందండి."

"అయ్యో, అది కాదు బాబూ..."

"ఆయ్, ముక్కు నాదే. ఏం చేస్తాం!"

ఎదురింటావిడ ఓడిపోయి లోపలికొచ్చి బిడ్డను చూసింది. నేను మంచం మీద ముసుగులో నవ్వుకున్నాను, ఇంటికొచ్చాక మొదటిసారి. ఆ తర్వాత ఎవరొచ్చినా అదే తంతు. ఊరంతా అడిగి అడిగి విసిగిపోయి, బిడ్డ ఎలా ఉందని అడగడం మొదలుపెట్టింది.

చాలాకాలానికి, పాప కాలవగట్టు మీద ఆయన గొడుగు లాక్కుని పరిగెత్తే రోజుల్లో, నేను ఉండబట్టలేక అడిగాను. "మామయ్యగారూ, ఆవేళ డబ్బీ నా దగ్గరే ఉంది కదండీ. మరి ఆ తుమ్ము ఎక్కడిదండీ?" ఆయన గొడుగు కోసం పాపని చెయ్యూపి పిలిచారు. "భయమేసిందమ్మా. మా తొలిబిడ్డప్పుడు ఆయ్ అని ఊరుకున్న మాట గుర్తొచ్చింది. భయానికి కూడా తుమ్ము వస్తుందని నాకూ తెలీదు" అన్నారు. వెంటనే, "మీ అత్తకి చెప్పకు. తెలిసిందంటే ఇప్పుడు శాంతి చేయిస్తుంది" అన్నారు. జ్యేష్ఠ ఆయన్ని ఏమీ చెయ్యలేదు. మనవరాలికి ఎక్కాలు నేర్పి, తుమ్మడమూ నేర్పి, పండుటాకులా ఆ మధ్యనే వెళ్ళిపోయారు. ఆ వెండి డబ్బీలో ఇప్పుడు మా అమ్మాయి చెవి దుద్దులు పెట్టుకుంటోంది. అవి పెట్టుకున్నప్పుడల్లా తుమ్ముతుంది.

అంబాజీపేటలో నేను మంచినీళ్ళు తాగి, పెద్దావిడ అనుమతి మీద లోపలికి వెళ్ళాను. లెక్కల అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన బిడ్డ నిద్రపోతున్నాడు. నేను కూర్చున్నానో లేదో, పక్కవాటాలో ఉండే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూనే అడిగారు. "నార్మలా, ఆపరేషనా అమ్మా?" ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. కళ్ళు కిందికి దిగిపోయాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"మగపిల్లాడండి" అన్నాను.

"అది కాదండీ మేడం గారూ, కాన్పు..."

"బాగా పాలు తాగుతున్నాడండి."

"అహ, మేం అడిగేది..."

"ఆయ్, ముక్కు మాత్రం మామ్మగారిదేనండి."

మంచం మీది పెద్దావిడ గబుక్కున తన ముక్కు తడుముకుంది. వచ్చిన వాళ్ళిద్దరూ బిడ్డ మీదికి వంగి ముక్కు చూడటంలో పడ్డారు. లెక్కల అమ్మాయి నా వైపు చూసి, ఆపుకోలేక, రెండు చేతులతో పొట్ట పట్టుకుంది.

"నవ్వించకండి మేడమ్, కుట్లు లాగేస్తున్నాయి" అంది.